పదకొండో మెట్టు, ముగ్గురు సభ్యుల కమిటీ

ఎముక విరిగే యోగమే ఉంటే అది విశ్వవిద్యాలయంలోనే విరగాలి. నవ్వకండి! ఇరవై రెండేళ్లుగా ఒక విశ్వవిద్యాలయం పరీక్షల విభాగంలో సూపరింటెండెంటుగా కుర్చీ అరగదీసిన అనుభవంతో చెబుతున్నాను.

మీరే ఆలోచించండి. దిల్‌సుఖ్‌నగర్ బస్టాండు దగ్గర జారిపడ్డారనుకోండి. ఏం జరుగుతుంది? కోచింగ్ సెంటరు నుంచి వస్తున్న పిల్లలు లేవదీస్తారు. ఒకరు నీళ్ల సీసా ఇస్తారు, ఇంకొకరు మీ చెప్పు వెతికి తెస్తారు. ఐదు నిమిషాల్లో అందరూ మిమ్మల్ని మరిచిపోతారు. పోనీ ఇంట్లో పడితే? చూసుకుని నడవాలి కదా అని మా ఆవిడ సూర్యప్రభ ఒక్క వాక్యంలో విచారణ ముగించి, అదే వాక్యంలో తీర్పు కూడా ఇచ్చేస్తుంది. ఫారం లేదు, నంబరు లేదు, ఫైలు లేదు. అదీ ఒక పడటమేనా!

అదే మా విశ్వవిద్యాలయంలో పడి చూడండి. మీ జీవితంలో ఎవరూ మీమీద పెట్టనంత శ్రద్ధ పెడతారు. హయత్‌నగర్ దాటాక హైవే పక్కన పెద్ద ఆర్చి కనిపిస్తుంది, అదే. పేరు మాత్రం అడక్కండి. పేరు బయటపెట్టిన ఉద్యోగికి వేరే ఫారం ఉంది.

ఉదాహరణకు మా అటెండరు కోదండాన్నే తీసుకుందాం. పోచంపల్లి నేతవాళ్ల కుటుంబం. మగ్గం వదిలి వచ్చి పదిహేనేళ్లుగా ఎల్బీ నగర్‌లో కిరాయికి ఉంటూ మా విభాగంలో కాంట్రాక్టు మీద పనిచేస్తున్నాడు. జవాబు పత్రాల కట్టకు అతను వేసిన ముడి దారిలో ఊడదు, పేపర్లు దిద్దే చోట ఒక్క లాగుకు విడిపోతుంది. నేనూ నేర్చుకోబోయాను. నా ముడి దారిలో ఊడిపోతుంది, దిద్దే చోట ఎంత లాగినా రాదు.

మొన్న ఆగస్టులో సెమిస్టరు జవాబు పత్రాలు మూడో అంతస్తు నుంచి కిందికి దించాల్సి వచ్చింది. మా లిఫ్టుకు ‘మరమ్మతులో ఉన్నది’ అనే బోర్డు తగిలించి రెండేళ్లయింది. ఈమధ్య ఆ బోర్డు పాతబడితే దానికి మరమ్మతు చేశారు. కోదండం రెండు కట్టలు ఒకేసారి ఎత్తుకుని మెట్లు దిగుతున్నాడు. పై నుంచి పదకొండో మెట్టుకు అంచు రాయి ఊడిపోయి ఉంది. కాలు జారింది. కుడిచేయి ఆనించి దభీమని పడ్డాడు.

నాలుగు మెట్లు వెనక నేనున్నాను. గబగబా దిగాను. నేను చేరేలోపే లేచి, ప్యాంటు దులుపుకుని, నావైపు చూసి నవ్వాడు. “ఏం కాలే సార్” అన్నాడు.

సాయంత్రం దాకా ఎడమచేత్తో పని లాగించాడు. తెల్లారేసరికి చెయ్యి బూరెలా పొంగింది. ఇంటి దగ్గర దవాఖానాకు పోతే మణికట్టు విరిగిందని, నలభై ఐదు రోజులు కదపొద్దని సిమెంటు కట్టు వేశారు.

అసలు వైభవం ఇక్కడ మొదలైంది! పనిలో ఉండగా దెబ్బ తగిలితే వైద్యం ఖర్చు, జీతంతో సెలవు మా విశ్వవిద్యాలయమే ఇస్తుంది. ఎంత ఉదారమైన నిబంధన! ఉద్యోగి చేయాల్సిందల్లా ఏడు పనిదినాల్లో స్వయంగా వచ్చి, ప్రమాద సమాచార పత్రం మూడు ప్రతుల్లో ఇవ్వడం. ఎక్కడ ఇవ్వాలి? మూడో అంతస్తులో. ఎలా వెళ్లాలి? అవే మెట్లమీద. పడినవాడికి మెట్లంటే భయం పట్టుకోకుండా ఎంత దూరాలోచన చేశారో చూడండి.

ఇక ఆ పత్రం! ‘ప్రమాద సమయంలో ఎవరి అనుమతితో ఆ ప్రదేశంలో ఉన్నారు?’ అని ఒక గడి. ‘ఇటువంటి ప్రమాదం ఇంతకుముందు ఎన్నిసార్లు చేశారు?’ అని ఇంకో గడి. కోదండం ఎడమచేత్తో సంతకం పెడితే అది సర్వీసు రిజిస్టరులోని సంతకంతో కలవలేదు. చెయ్యి విరిగినందువల్ల సంతకం కలవలేదని విడిగా రాసి, దాని కింద సంతకం పెట్టమన్నారు. అదీ కలవలేదు. హాజరు వేసే వేలిముద్ర మిషనుకు కుడి బొటనవేలే తెలుసు, అది కట్టులో ఉంది. కాబట్టి పత్రం ఇవ్వడానికి నాలుగు రోజులు వచ్చిన కోదండం నాలుగు రోజులూ రానట్టే లెక్క.

అయినా ఎవరూ విసుక్కోలేదు. ముగ్గురు ప్రొఫెసర్లతో కమిటీ వేశారు. ఒక అటెండరు మణికట్టు గురించి ముగ్గురు డాక్టరేట్లు! భౌతికశాస్త్రం ఆయన ఎంత వేగంతో పడ్డావని అడిగారు. సివిల్ ఇంజనీరింగ్ ఆయన మెట్టు డిజైను ప్రకారమే ఉందని, కాలే డిజైను ప్రకారం పడలేదని తేల్చారు. న్యాయశాస్త్రం ఆవిడ అన్నిటికంటే లోతుకు వెళ్లారు. దవాఖానాకు ఇంటి నుంచి పోయావు కాబట్టి ఇంట్లోనే పడలేదని రుజువేమిటి అన్నారు. దిల్‌సుఖ్‌నగర్‌లో నీళ్ల సీసా ఇచ్చేవాళ్లకు ఇంతటి ప్రశ్న తడుతుందా?

రుజువు ఉంది. ప్రత్యక్ష సాక్షిని నేనున్నాను.

నా రాతకోతల గురించి నేను చెప్పుకోకూడదు గానీ, కామా పక్కకు జరిగినా నిద్రపట్టని మనిషిని. విన్నది విన్నట్టు, చూసింది చూసినట్టు సాక్ష్యం రాసిచ్చాను. ‘సదరు కోదండం పదకొండవ మెట్టుపై పడిపోయినాడు. వెంటనే లేచి, ఏమీ కాలేదని తానే స్వయముగా నాతో చెప్పినాడు.’ కింద సంతకం, తేదీ, రబ్బరు స్టాంపు.

కమిటీ నా భాషను మెచ్చుకుంది. బాధితుడే ఏమీ కాలేదని చెప్పినట్టు సాక్షి ధ్రువీకరించాడు కాబట్టి ప్రమాదం జరగలేదని రెండు వరుసల్లో నివేదిక ఇచ్చింది. ఎంత క్లుప్తత! ప్రమాదం లేదు కాబట్టి నలభై ఐదు రోజులూ గైర్హాజరు. అంత గైర్హాజరు ఉన్నవాడి కాంట్రాక్టు దసరా తర్వాత పొడిగించరు. అది కూడా నిబంధనే.

మర్నాడు కోదండం నా టేబులు దగ్గరికి వచ్చాడు. తిట్టడానికి వచ్చాడనుకుని కళ్లజోడు తుడుచుకోవడం మొదలుపెట్టాను. తిట్టలేదు. దసరా తర్వాత ఇంకెక్కడైనా పని చూసుకోవాలి, పనిమంతుడినని ఒక కాగితం రాసిస్తారా అని అడిగాడు. కట్టు విప్పాక కూడా పట్టు పూర్తిగా రాకపోవచ్చని డాక్టరు అన్నాడట. ముడి వెయ్యడం కష్టమేమో అన్నాడు, ఎవరి చేతి గురించో చెబుతున్నట్టు.

నాకు ఉక్రోషం వచ్చింది. అంత దెబ్బ తగిలితే ఏమీ కాలేదని ఎందుకన్నావయ్యా, నేను విన్నదే కదా రాశాను అన్నాను.

“మీ మొఖం జూసి అన్న సార్,” అన్నాడు. “తెల్లగయిపోయిన్రు. మీకు బీపీ ఉన్నది గద. పరేషాన్ కావద్దని గట్లన్న.”

ఆ తర్వాత కాసేపు కళ్లజోడు మళ్లీ తుడిచాను. అప్పటికే శుభ్రంగా ఉంది.

పాఠకులారా, ఆలోచిస్తే మనమంతా ఇంతే. కర్మన్‌ఘాట్ గుడి ముందు స్కూటరు మీంచి పడ్డా, పెళ్లి పందిట్లో కుర్చీ విరిగి పడ్డా, నొప్పి ఎక్కడో తెలియకముందే ఎదుటివాళ్లకు ధైర్యం చెబుతాం. నేనూ వందసార్లు చెప్పాను. అది దెబ్బ గురించి చెప్పే మాట కాదు, చూస్తున్నవాళ్ల మీద ఉన్న దయ. ఆ దయకు నేను రబ్బరు స్టాంపు కొట్టాను. అంతే కాదు, ఇంకొకటి దాచాను. రెండు కట్టలూ ఒకేసారి తీసుకుపొమ్మన్నది నేనే. ఆటో ఎదురుచూస్తోంది, త్వరగా కానివ్వు అన్నదీ నేనే. విన్నది విన్నట్టు రాసేవాణ్ణి, నా నోటితో నేనన్నది మాత్రం నాకు వినబడలేదు.

ఆ మధ్యాహ్నమే రెండో సాక్ష్యం రాశాను. కామాలు చూసుకోలేదు. డిప్యూటీ రిజిస్ట్రారు ప్రసన్నకుమార్ గారు రెండుసార్లు చదివారు. ఇది ఇస్తే మీ మెడకు చుట్టుకుంటుంది చక్రపాణి గారూ, రిటైర్మెంటు దగ్గర్లో ఎందుకీ గొడవ, వెనక్కి తీసుకోండి అని స్నేహంగా చెప్పారు. కాగితం అందినట్టు ఇన్‌వర్డ్ నంబరు వేయించుకుని బయటికి వచ్చాను.

మెట్లు లెక్కపెట్టుకుంటూ దిగుతున్నాను. కింద కోదండం నిలబడి ఉన్నాడు, కట్టు వేసిన చెయ్యి మెడలోని పట్టీకి వేలాడుతోంది. జర చూసుకొని దిగమని హెచ్చరించాడు. దగ్గరికి రాగానే నా ముఖం చూసి, “ఏమయింది సార్?” అన్నాడు.

ఏం కాలేదని నాలుక చివరి దాకా వచ్చింది. మింగేశాను.

“అయింది కోదండం,” అన్నాను. “అయిందంతా రాసిచ్చాను.”

ఇప్పుడు కోదండం ఫైలు మళ్లీ తెరిచారు. ఆ మెట్లమీద అతన్ని రెండు కట్టలతో ఎందుకు పంపానో తేల్చడానికి నామీద కూడా ఒక కమిటీ వేశారు. గర్వంగా చెప్పుకుంటున్నాను, కోదండానికి ముగ్గురే, నాకు ఐదుగురు! విచారణ మూడో అంతస్తులో. నిన్న ఐదుగురు ప్రొఫెసర్లూ గోడ పట్టుకుని, ఒకరి వెనక ఒకరు, పదకొండో మెట్టును జాగ్రత్తగా దాటుకుంటూ పైకి వచ్చారు.

ఆ మెట్టు మీద మాత్రం ఇంతవరకు ఎవరూ కమిటీ వెయ్యలేదు.