కుటుంబ సమేతంగా రండి

ఆ ఉదయం సాల్మన్ రాజు మాస్టారు పెట్టుకున్న పని పెద్దదేమీ కాదు. వాలీబాల్ కోర్టుకు సున్నం గీతలు వేయించాలి, నెట్ బిగించాలి, సాయంత్రం ఐదింటికి బందరు నుంచి వచ్చే సెలెక్టర్ బుచ్చిరాజు గారి ముందు తన పద్నాలుగేళ్లలోపు జట్టును ఆడించాలి. ఆయన సరేనంటే కోడూరు పిల్లలు మొట్టమొదటిసారి రాష్ట్ర పోటీలకు వెళ్తారు. కాదంటే వచ్చే ఏటికి వీళ్లకు వయసు దాటిపోతుంది. వయసు దగ్గర బుచ్చిరాజు గారు మహా నిక్కచ్చి మనిషి. పోయినేడు ఓ కెప్టెన్‌కి మీసం కనబడిందని జట్టునంతా బస్సెక్కించి వెనక్కి పంపేశారు.

ఇలాంటి రోజున ఏ పొరపాటూ దొర్లకూడదనే మాస్టారు తన వాలీబాల్ అకాడమీ పనంతా సాఫ్ట్‌వేర్‌కి అప్పగించారు. మేనకోడలు ప్రియ విజయవాడలో కూర్చుని, బడి సర్టిఫికెట్లు చూసి పిల్లల వివరాలు ఎక్కించింది. హాజరు, ఆటల వేళలు, ఇళ్లకు పంపే కబుర్లు అన్నీ అదే చూసుకుంటుందని చెప్పింది. మాస్టారు ముచ్చటపడి కనబడిన ప్రతి గడిలోనూ టిక్కు కొట్టారు. పుట్టినరోజు కబురు గడిలో ఏం రాయాలో తోచక, ఇంట్లో ఉన్న శుభలేఖ ముందు పెట్టుకుని రాశారు: "మీ బిడ్డ పుట్టినరోజు సందర్భంగా ఈ సాయంత్రం ఐదింటికి మైదానంలో కేకు కోస్తున్నాం. బంధుమిత్రులతో, కుటుంబ సమేతంగా రండి."

పొద్దున్నే పోతయ్య ఫోన్ చేశాడు. జట్టులో పొడుగాటి కుర్రాడు సాయితేజకి తండ్రి. రొయ్యల చెరువుకి మేత వేస్తూ వేస్తూ ఆపి మాట్లాడుతున్నాడు.

"మాకే గుర్తులేదు మాస్టారూ, మీరు గుర్తుపెట్టుకున్నారు. మా అత్తగారోళ్లని కూడా తీసుకొస్తన్నానండీ."

మాస్టారు పొంగిపోయారు. ఒక్క పిల్లాడి పుట్టినరోజే కదా, ఆటయ్యాక కానిద్దామని అవనిగడ్డ బేకరీలో కిలో కేకు చెప్పారు. ఇంతలో నాగలక్ష్మి ఫోన్ చేసి కొడుక్కి పట్టు చొక్కా కొన్నానంది. ఆ వెనకే సువార్తమ్మ చేసి, మనవడు మార్కు కోసం ప్రార్థనకి పాస్టరు గారితో మాట్లాడేశానంది. మధ్యాహ్నానికి మాస్టారి చెవి కాలిపోయింది. అనుమానమొచ్చి సాఫ్ట్‌వేర్ తెరిచి చూస్తే, జట్టులో పిల్లలందరూ పుట్టింది జూన్ ఒకటినే. ఇవాళే.

అందరిదీ ఒకే తారీఖని బుచ్చిరాజు గారి కళ్లబడితే ఇంకేమైనా ఉందా? వేడుక ఆపేద్దామని మాస్టారు కంగారుగా 'ఐదింటి కార్యక్రమం రద్దు' అని నొక్కారు. ఐదింటికి ఉన్న కార్యక్రమాలు రెండు. సాఫ్ట్‌వేర్ వేడుకను ఉంచి ఆటను రద్దు చేసింది, ఆ సంగతి ఇంటింటికీ చేరవేసింది. ఆటే లేనప్పుడు జెర్సీలెందుకని తల్లులందరూ పిల్లలకు పట్టు చొక్కాలు తొడిగారు. సర్దిచెబుదామని మాస్టారు ఎవరికి ఫోన్ చేసినా ఖాళీ లేదు. వాళ్లు చుట్టాల్ని పిలుచుకుంటున్నారు.

ఐదింటికి బుచ్చిరాజు గారు కారు దిగేసరికి కోర్టు మధ్యలో షామియానా, నెట్‌కి బుడగలు, సర్వీసు గీత మీద బిర్యానీ గిన్నె ఉన్నాయి. ఆయన నోరు తెరిచేలోగా పాస్టరు గారు ప్రార్థన అందుకున్నారు. ఆయన కూడా తలవంచి నిలబడాల్సి వచ్చింది.

"ఎవరిదండీ పుట్టినరోజు?" అన్నారు, ఆమెన్ అయ్యాక.

ఒక పిల్లాడిదని చెప్పి గట్టెక్కుదామనుకున్నారు మాస్టారు. ఈలోపే పట్టు చొక్కాల చేతులన్నీ పైకి లేచాయి.

బుచ్చిరాజు గారు మొహం గంటుపెట్టుకుని సర్టిఫికెట్లు తెమ్మన్నారు. ఒక్కొక్కటీ తిప్పుతుంటే ఆయన కనుబొమలు పైకి పోతున్నాయి, మాస్టారి ప్రాణాలూ అటే పోతున్నాయి. ఇన్నాళ్ల కష్టం కిలో కేకు పాలైందని మాస్టారికి ఏడుపొచ్చింది. పిల్లల మొహాల్లోకి చూడలేకపోయారు.

సువార్తమ్మ జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చింది. "పిల్లల్నేమీ అనకండి బాబూ. మావోడు పుట్టింది మినుములు తీసేటప్పుడండీ. బళ్లో చేర్చబోతే అయిదేళ్లు నిండలేదన్నారు. హెడ్మాస్టరు గారే జాలిపడి, వయసు కాస్త పెంచి జూన్ ఒకటి వేశారు. మా ఊళ్లో అందరికీ అంతేనండీ."

అంటే పిల్లలు కాగితం కన్నా చిన్నవాళ్లే తప్ప పెద్దవాళ్లు కారు. ఆ సంగతి బుచ్చిరాజు గారికి విడమరిచి చెప్పనక్కర్లేకపోయింది. ఆయన సర్టిఫికెట్లు పక్కన పెట్టి కేకు వైపు తిరిగారు.

"నాదీ ఇవాళేనండీ," అన్నారు నెమ్మదిగా. "ఘంటసాల ఊరి బళ్లో మా మాస్టారు వేసిన తారీఖు. మా అమ్మ ఒప్పుకునేది కాదు. అసలు తారీఖు ఆవిడకీ గుర్తులేదు. అందుకని ఇంతవరకూ ఏ రోజునా చేసుకోలేదు."

మాస్టారు చాకు ఆయన చేతికిచ్చారు. మైదానమంతా పాట అందుకుంది. ఆ తర్వాత షామియానా విప్పి, గిన్నె జరిపి, పిల్లలు పట్టు చొక్కాలతోనే ఆడారు. ఎంత బాగా ఆడారంటే, నాగలక్ష్మి కొడుకు చొక్కా చిరిగిన సంగతి కూడా మర్చిపోయి చప్పట్లు కొట్టింది. పొద్దుగుంకేలోపు బుచ్చిరాజు గారు గడ్డానికి అంటిన క్రీము తుడుచుకుంటూ, జట్టు రాష్ట్ర పోటీలకు వెళ్తోందని ప్రకటించారు. ఆ సంతోషంలో మాస్టారు పోతయ్యని, వాళ్ల మావగారిని వాటేసుకుని, అత్తగారి దాకా వచ్చి ఆగారు.

మర్నాడు అసలు పుట్టినరోజులు ఎక్కిస్తానని ప్రియ ఫోన్ చేసింది. మాస్టారు ముందుగా నాగలక్ష్మిని అడిగితే, పెద్ద తుపానుకి ముందు, మా ఆడపడుచు పెళ్లికి తర్వాత అని చెప్పింది. సాఫ్ట్‌వేర్ అలాంటి తారీఖు లేదంది, ప్రియ మళ్లీ జూన్ ఒకటే వేసింది.