ఒకటిన్నర చుట్టు

ఆదివారం పదింటికి మామగారి కారు కొనేముందు చూసుకోవడానికి ఒక మనిషి వస్తానన్నాడు. ఎనిమిదింటికల్లా కారుకున్న ఒకే ఒక్క జబ్బు నయం చేసి, తొమ్మిదింటికి స్నానం ముగించి, పదింటికి ఇస్త్రీ చొక్కాతో గుమ్మంలో నిలబడాలని అల్లుడు ముందురోజే అనుకున్నాడు. జబ్బు పెద్దదేమీ కాదు. యాక్సిలరేటర్ తొక్కగానే కారు ముందుకు ఉరకదు. ఏదో మరిచిపోయినట్టు ఒక్క క్షణం ఆగి, గుక్క తిప్పుకుని, అప్పుడు కదులుతుంది. ఇంటి ముందయితే ఫరవాలేదు. నాలుగు రోడ్ల కూడలిలో, వెనక బస్సు ఉన్నప్పుడు, ఆ ఒక్క క్షణం చాలా పొడుగ్గా ఉంటుంది.

అల్లుడు గడియారాలు బాగుచేస్తాడు. ఆవగింజంత చక్రాలను పట్టకారుతో ఎత్తి అమర్చే చేతికి కార్బ్యురేటర్ ఒక లెక్కా అని అతని ధీమా. పైగా మామగారు ఆ కారును పాతికేళ్ళపాటు మరొకరి చేతికి ఇవ్వలేదు. ప్రతి ఆదివారం బానెట్ ఎత్తి, చెవి ఒగ్గి విని, స్క్రూ తిప్పి, మర్నాడు ఎలా పరిగెడుతుందో చూడమని వీధిలో నలుగురికీ చెప్పేవారు. మర్నాడు అది నిజంగానే పరిగెత్తేది. మూడేళ్ళ క్రితం ఆయన పోయారు. ఆ చేయి పడక కారు మొండికేసిందని ఇంట్లో అందరూ అనుకున్నారు. అమ్మేద్దామా అని అడిగితే అత్తగారు చేతిలో కుట్టుపని ఆపకుండా "మీ ఇష్టం" అంది. ఇష్టమై అన్నదో, కష్టమై అన్నదో కూతురికి అంతుపట్టలేదు.

అల్లుడు వీధి చివరి మెకానిక్‌కు ఫోన్ చేశాడు. ఆదివారం షెడ్డు తెరవడు కాని, మాట సాయానికి వెనకాడే మనిషి కాదు. కార్బ్యురేటర్ మీద రెండు స్క్రూలుంటాయనీ, ఒకటి పెట్రోలూ గాలీ పాళ్ళు చూస్తుందనీ, ఇంకొకటి ఇంజన్ నిలకడ వేగం చూస్తుందనీ చెప్పాడు. మొదటిదాన్ని మెల్లగా చివరికంటా బిగించి, ఒకటిన్నర చుట్టు వెనక్కి తిప్పాలట. అంతా చెప్పి, కాసేపు నసిగి, "మీ అత్తగారు ఇంట్లోనే ఉన్నారా సార్?" అని అడిగాడు. ఉందన్నాడు అల్లుడు. "అమ్మయ్య. అయితే ఆవిడను కాస్త చూసుకోండి మరి," అని పెట్టేశాడు.

పెద్దావిడకు పొగ పడదనీ, దూరంగా ఉంచమనీ మెకానిక్ మర్యాదగా చెప్పాడని అల్లుడు గ్రహించాడు. వెంటనే అత్తగారిని మేడ మీద సంగీతం టీచరుగారింటికి వెళ్ళి కూర్చోమన్నాడు. తానిక్కడే ఉంటానని ఆవిడ ఒకసారి అంది. అతను వినలేదు. ఆవిడ తెరిచిన బానెట్‌ను చూసింది, అతని చేతిలో స్క్రూడ్రైవర్‌ను చూసింది, ఇంకేమీ అనకుండా మెట్లెక్కింది.

తరువాత జరిగినదానిలో తప్పంతా అతనిదే అనలేం. సగం తెలుగు భాషది. భార్యను స్టీరింగు ముందు కూర్చోబెట్టి, తను చెప్పినప్పుడు తొక్కమనీ, వద్దన్నప్పుడు తొక్కవద్దనీ వివరించాడు. కంటికి గడియారాల భూతద్దం బిగించుకుని కార్బ్యురేటర్ మీదికి వంగాడు. రెండు స్క్రూలూ కవల పిల్లల్లా ఉన్నాయి. అతను ఎంచుకున్నది రెండోది. దాన్ని బిగించినకొద్దీ ఇంజన్ మెత్తబడాల్సింది పోయి రంకెలు వేయసాగింది. అతను కంగారుపడి "తొక్కకు" అని అరిచాడు. ఆ రొదలో ఒక అక్షరం కొట్టుకుపోయి, భార్యకు "తొక్కు" అని వినిపించింది. భర్త చెప్పిన మాట ఆవిడ జవదాటలేదు. అతను ఇంకా గట్టిగా అరిచాడు. ఆవిడ ఇంకా గట్టిగా తొక్కింది.

కారు రెండుసార్లు తుపాకీ పేలినట్టు పేలి, వీధి నిండా నల్లటి పొగ వదిలింది. మేడ మీద సంగీతం టీచరుగారు మొదట ఫైరింజన్‌కు ఫోన్ చేసి, తరువాత బాల్చీ నిండా నీళ్ళు పట్టి పిట్టగోడ దగ్గరికి పరుగెత్తింది. వద్దు వద్దంటూ అత్తగారు చెయ్యి పట్టుకునేలోగా బాల్చీ ఖాళీ అయింది. ఇంజన్ తడిసింది, అల్లుడు తడిశాడు, ఇంజన్ ఆగిపోయింది.

ఫైరింజన్ వచ్చి సందుకు అడ్డంగా నిలిచింది. దాని వెనకే కారు చూసుకోవడానికి రావలసిన మనిషీ వచ్చాడు. చొక్కా నుంచి నీళ్ళు కారుతూ, కంటికి భూతద్దంతో ఉన్న అల్లుడిని చూసి, కారు ఎవరిదని మాత్రం అడిగాడు. ఫైరు సిబ్బందిలో పెద్దాయన నిప్పు ఎక్కడుందని వెతికి, దొరకక, పెట్రోలు వాసన వస్తున్న బండిని ఇళ్ళ మధ్య వదిలి వెళ్ళలేమన్నాడు. దానంతటది కదిలితే సరే, లేదంటే గొలుసు కట్టి లాగించేస్తామన్నాడు. అల్లుడు తాళం తిప్పాడు. కారు దగ్గలేదు కూడా. స్టీరింగు పట్టుకుని కూర్చున్న భార్య కళ్ళు తుడుచుకుంది. అది వాళ్ళ నాన్న కారు.

అప్పుడు అత్తగారు మెట్లు దిగి వచ్చింది. "కాస్త జరుగు బాబూ," అంది.

ఇంట్లోంచి కుట్టుపెట్టె తెచ్చి, దారపు ఉండల కింద నుంచి పొట్టి స్క్రూడ్రైవర్ తీసింది. ఇంజన్‌కు నిప్పురవ్వ పంచే డిస్ట్రిబ్యూటర్ మూత విప్పి, చీర కొంగుతో లోపలంతా తుడిచి, బిగించింది. అల్లుడు తిప్పిన స్క్రూను ఎక్కడ ఉండాలో అక్కడికి తెచ్చింది. పాళ్ళు చూసే స్క్రూను చివరికంటా బిగించి ఒకటిన్నర చుట్టు వెనక్కి తిప్పింది. తొక్కగానే పెట్రోలు చిమ్మే చిన్న పంపు దగ్గర జారిపోయిన కమ్మీని గోటితో లాగి తగిలించింది. కూతుర్ని తాళం తిప్పమంది. ఇంజన్ అందుకుంది. ఆవిడ కళ్ళు మూసుకుని విని, వెంట్రుకవాసి తిప్పి, తొక్కమంది. కారు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

కూతురు దిగి వచ్చింది.

"అమ్మా, నీకిదంతా నాన్న నేర్పారా?"

"మీ నాన్నా? ఆయన ఆదివారం ముట్టుకుంటే సోమవారం కదిలేది కాదు. వీధి చివరి మెకానిక్ దగ్గర గుట్టుగా నేర్చుకున్నాను. ఎవరికీ చెప్పనని అతనిచేత ఒట్టు వేయించుకున్నాను. ఆయన లేవకముందే సరిచేసి పెట్టేదాన్ని."

"పాతికేళ్ళూనా? ఒక్కసారైనా చెప్పలేదేం?"

"నలుగురిలో నిలబడి ఆయన ఎంత బాగా చెప్పేవారో నీకు తెలీదూ? నాకది వినడం ఇష్టం."

మరి మూడేళ్ళుగా కారు ఇలా ఉంటే ఎందుకు ముట్టుకోలేదని అల్లుడు అడిగాడు. ఆవిడ స్క్రూడ్రైవర్ తుడిచి దారపు ఉండల కింద పెట్టింది.

"పాడుచేసే మనిషి లేడుగా బాబూ. చెయ్యి వెళ్ళలేదు," అంది. తరువాత, "ఇవాళ నువ్వు తిప్పుతుంటే మేడ మీద కూర్చోలేకపోయాను. అచ్చం ఆయన తిప్పినట్టే తిప్పావు," అంది.

అల్లుడికి జీవితంలో అంతకంటే పెద్ద మెప్పు దక్కలేదు.

చూసుకోవడానికి వచ్చిన మనిషి ఈలోగా కారు చుట్టూ మూడుసార్లు తిరిగాడు. ఇంత చక్కటి ఇంజన్ చూడలేదనీ, ఇప్పుడే తీసుకుపోతాననీ అన్నాడు. అల్లుడు అత్తగారి వైపు చూశాడు. "మీ ఇష్టం," అంది ఆవిడ. ఈసారి ఆ మాటకు అర్థం కూతురికి ఎవరూ విడమరచి చెప్పనక్కరలేకపోయింది. వచ్చినాయనకు కాఫీ ఇచ్చి, కారు అమ్మడం లేదు క్షమించమని చెప్పి, వీధి మలుపు దాకా సాగనంపారు.

మరుసటి ఆదివారం అల్లుడు ఇస్త్రీ చొక్కా వేసుకుని బానెట్ ఎత్తాడు. చెవి ఒగ్గి విన్నాడు, రెండు స్క్రూలూ తోచినట్టు తిప్పాడు, రేపు ఎలా పరిగెడుతుందో చూడమని సంగీతం టీచరుగారికి చెప్పాడు. చేతులు కడుక్కుని లోపలికి వెళ్ళి, "అత్తయ్యా, నా వంతు పాడుచేయడం అయిపోయింది," అన్నాడు.