అరడుగు మెట్టు మీద ఇశ్రాయేలు మహాసంగ్రామం

అనంతకాలప్రవాహంలో ఒకానొక శనివారం సాయంకాలం, మూసీనదికి దక్షిణదిగ్భాగాన, ఆటోల హారన్లు శంఖాలై, కుక్కర్ల విజిళ్లు భేరులై మ్రోగుతూ వుండే ఛత్రినాకలో, స్కూటరుకు తప్ప మరే రథానికీ దారివ్వని ఒక ఇరుకు సందులో, కుటుంబప్రార్థన ముగిసి "ఆమేన్" అన్న శబ్దం ఇంకా సీలింగ్ ఫ్యాను చుట్టూ తిరుగుతుండగానే, ఒక ఘోరమైన లొల్లి పుట్టింది.

"నానమ్మా, తాత కండ్లు తెరిచి ప్రార్థన చేసిండు!" అని తొమ్మిదేళ్ల స్వీటీ అభియోగాస్త్రం విడిచింది.

ఆ అస్త్రం తగిలినవాడు సామాన్యుడా? ముప్పైమూడేళ్లు సిటీబస్సు కండక్టరై, ఒక చేత టికెట్ల కట్ట, ఒక చేత చిల్లర ధరించి, ఆధారానికి పట్టుకునే కమ్మీని వేలితోనైనా తాకక, డ్రైవరు ఎంతటి బ్రేకు వేసినా పాలసముద్రంలో మందరపర్వతంలా నిలిచిన నిరాలంబస్థైర్యధురంధరుడు, ఫుట్‌బోర్డువిద్యార్థిభయంకరుడు, డెబ్బైరెండేళ్ల ఇశ్రాయేలు!

"నువ్వు మూసుకుంటే నీకెట్ల ఎర్కైంది?" అని ఆ వీరుడు ప్రత్యస్త్రం వేశాడు.

"నువ్వు తెరిచినవా లేదా అని చూద్దామని తెరిచిన."

"దొంగనే దొంగ దొంగ అని ఒర్లినట్టుంది!"

చాప చుడుతున్న రాహేలు ఆగింది. నలభైయెనిమిదేళ్ల కాపురంలో భర్త చెప్పని మాటను కూడా వినగల సూక్ష్మశ్రవణసంపన్నురాలు ఆమె.

"పోరినెందుకంటవయ్యా? నెల దినాలసంది నేను గూడ చూస్తున్న. కండ్లు మూస్తే ఊగుతున్నవ్. ఊగుతున్నవని తెరుస్తున్నవ్."

ఆ మాటకు ఇశ్రాయేలు మీసం లేని పెదవి మీదే మీసం దువ్వి, ఇంటి గోడలు ప్రతిధ్వనించేలా ఇలా గర్జించాడు: "ఓ రాహేలూ! ఏమంటున్నవో ఎర్కేనా? అఫ్జల్‌గంజ్‌ల కాలు పెట్టే జాగ లేని బస్సుల, పత్తర్‌గట్టి గుంతలల్ల, వానల, వరదల, నేను కమ్మీ ముట్టిననా? ఒక్క పైస కింద పడ్డదా? ఒక్క ప్యాసింజర్ మీద ఒరిగిననా? గసువంటి నన్ను, కదలని షాబాదు బండల మీద ఊగుతడంటవా?"

"అప్పుడు బస్సు ఊగుతుండె, నువ్వు నిలవడుతుంటివి. ఇప్పుడు ఇల్లు నిలవడ్డది, నువ్వు ఊగుతున్నవ్" అంది రాహేలు, చాపను మూలన పెట్టి.

అప్పుడు కోడలు సుజన, వ్యాయామాలు చేయించే ఒక క్లినిక్కులో చీటీలు రాస్తూ రాస్తూ డాక్టరమ్మ మాటలన్నీ కంఠస్థం చేసిన విదుషి, వంటింట్లోంచే శాస్త్రోపదేశం చేసింది. "మామయ్యా, మనిషిని నిలవెట్టేటియి మూడు. కండ్లు, చెవి లోపలి నీళ్లు, అరికాళ్లు. వయసు మీద పడ్డంక చెవి, అరికాలు ఖబర్లు లేటుగ పంపిస్తయి. కండ్లే ఓవర్‌టైం చేస్తయి. గవి గూడ మూస్తే ఇంక డ్యూటీల ఎవ్వరుండరు."

అనగా, ఆ దేహమహాసామ్రాజ్యంలో ముగ్గురు మంత్రులకు గాను ఇద్దరు కునుకుతుండగా, మేలుకొని వున్న ఒక్కణ్నీ రాజుగారు ప్రార్థన పేరిట స్వయంగా సెలవు మీద పంపుతున్నాడన్నమాట.

తెల్లవారితే ఆదివారం. సందు చివరి చిన్న చర్చిలో, కానుకలు పట్టిన తర్వాత వేదికకున్న ఒకే ఒక్క మెట్టు ఎక్కి, కండ్లు మూసి సంఘమంతటి కోసం ప్రార్థించే అధికారం ఇరవైరెండేళ్లుగా ఇశ్రాయేలుదే. ఉద్యోగం ముగిసిన నాటి నుంచి నలుగురి ముందు నిలబడి గొంతెత్తే చోటు ఆయనకు భూమండలం మీద అదొక్కటే. దాన్ని ఆశించకపోయినా అందుకోగల యాభైయేళ్ల మధురకంఠుడు ఒకడు రెండో వరుసలోనే వున్నాడు. అతని పేరు డానియేలు. పోయిన వారమే, "అన్నా, కుర్చీ ఏపియ్యాల్నా?" అని మెత్తగా అడిగాడు. ఆ మెత్తదనం ఇశ్రాయేలు గుండెలో ఇప్పటికీ ముల్లై వుంది.

రాహేలు శాసనం చెప్పింది: "రేపు కండ్లు మూసి, తూలకుండ ప్రార్థన చేసినవా, నేను మళ్ల నోరెత్త. తూలినవా, ప్రార్థన డానియేలుకిచ్చి బుద్ధిగ కూసో. కింద పడి తుంటి ఇరిగితే మోసేది నేనే."

"మంజూర్!" అన్నాడు ఇశ్రాయేలు.

అంతట యుద్ధసన్నాహం మొదలైంది. వంటగట్టు పక్కన, ఫ్రిజ్ సాక్షిగా, ఆ వీరుడు ఒంటికాలిపై కొంగవలె నిలిచి కండ్లు మూశాడు. స్వీటీ లెక్కపెట్టింది. మొదటి దండయాత్ర రెండు సెకన్లు. రెండవది మూడు. మూడవ దండయాత్రలో ఫ్రిజ్ మీది ఉల్లిగడ్డల బుట్ట వీరస్వర్గం అలంకరించింది.

ఆదివారం వచ్చింది. వేదిక మీంచి చూస్తే కుడివైపు పురుషసేన, ఎడమవైపు స్త్రీసేన, నడుమ కానుకల సంచి. వేదిక ఎదుట ఆరంగుళాల ఎత్తున, కరీంనగరం కొండలన్నీ తనలో ఇమిడినట్టు, నిలిచి వుంది ఆ మెట్టు. ఇశ్రాయేలు దాని మీద ఒక పాదం మోపాడు. ఆగాడు. రెండవ పాదాన్ని, అది తనది కాదేమో అన్నంత మర్యాదగా, పైకి పిలిచాడు. జనానికి అభిముఖుడై, కాళ్లు మూరెడు ఎడం చేసి, కండక్టరుల కులవిద్య ప్రకారం మోకాళ్లు సడలించి, "ప్రార్థన చేసుకుందాము" అన్నాడు.

డెబ్బై జతల కండ్లు మూసుకున్నాయి. ఆయనవీ మూసుకున్నాయి.

దేశం కోసం ప్రార్థించాడు, నిలిచాడు. రాష్ట్రం కోసం ప్రార్థించాడు, నిలిచాడు. వానల కోసం, పరీక్షలు రాసే పిల్లల కోసం, కొత్తగా తవ్విన రోడ్ల కోసం ప్రార్థించాడు, కొంచెం ఊగి నిలిచాడు. అప్పుడు, ఏ ఆదివారమూ పది నిమిషాలకు తగ్గని ఆ మహాదీర్ఘమైన బీమారోళ్ల, అనగా రోగుల, జాబితా ప్రారంభమైంది.

"నీలమ్మ మోకాళ్లను ముట్టు తండ్రీ..."

ఆమె తర్వాతి రోగం గుర్తుతెచ్చుకునే పనిలో బుద్ధి మునిగింది. పాదాలను చూసుకునే నాథుడు లేకపోయాడు. ఆ అదనుకే కాచుకొని వున్న చీకటి ఆయనను చిన్నగా ముందుకు నెట్టింది. ఆ క్షణాన ముప్పైమూడేళ్ల అలవాటు మేల్కొని, "ఇది బ్రేకు! వెనక్కి వాలు!" అని ఆజ్ఞాపించింది. ఇశ్రాయేలు మహావిశ్వాసంతో వెనక్కి వాలాడు. కాని బ్రేకు పడలేదు. చర్చి కదలలేదు. కదలని వాహనంలో, పడని బ్రేకుకు ఎదురొడ్డి, ఆ వీరుడు తనకు తానే కుదుపు అయ్యాడు!

యౌవనంలోనైతే ఒక్క అడుగు పక్కకు వేసి సర్దుకునేవాడు. ఇప్పుడు ఆ ఒక్క అడుగు ఆరు ముక్కలై, పావురం నడకలుగా, టకటకటకమని ఎడమవైపుకు సాగింది. ఆరవ పాదం మెట్టు అంచు దాటి, అంతరిక్షంలో ఆధారం వెతుక్కుంది. అయినా కండ్లు తెరవలేదు. ప్రార్థన ఆగలేదు.

"...ఆమె షుగరును... ఆఆ... తగ్గించు తండ్రీ!"

గాలిలో ఈదుతున్న ఆయన కుడిచెయ్యి ఒక భుజం మీద పడింది. పాదం నేలను చేరింది. ప్రపంచం నిలిచింది.

నొప్పుల మలాము వాసనను బట్టి, ఆ భుజం ఎవరిదో ఆయనకు తెలిసిపోయింది. జన్మలో చర్చి ప్రార్థన మధ్య కండ్లు తెరవని రాహేలు ఆనాడు తెరిచి, స్త్రీసేన మొదటి వరుసలోంచి లేచి, సమయానికి అక్కడికి వచ్చి నిలబడింది.

జాబితాలో మిగిలిన పదిహేడుగురిని "ఇంకా నీకు తెలిసినోళ్లందర్నీ" అనే ఒక్క మాటతో దేవుడికప్పగించి, ఇశ్రాయేలు "ఆమేన్" అన్నాడు.

సంఘం కండ్లు తెరిచి చూస్తే, మెట్టు మీద వుండవలసిన పెద్దాయన నేల మీద, ఆడవాళ్ల ముందు, భార్య భుజం పట్టుకొని వున్నాడు. ఒక్కరికీ ఏం జరిగిందో తెలియదు. డానియేలు తడికండ్లతో వచ్చి చేతులు పట్టుకున్నాడు.

"వందనాలన్నా! ఇయ్యాల మెట్టు దిగి జనం నడిమికొచ్చి ప్రార్థించినవ్. గంత దూరం కండ్లు మూసుకొని ఎట్ల నడిచినవన్నా? మస్తు కదిలించినవ్."

"నేను గూడ కదిలిన తమ్మీ" అన్నాడు ఇశ్రాయేలు.

మధ్యాహ్నం బగారన్నం, మాంసం కూర ముందు ఇంటిల్లిపాదీ కూర్చున్నారు. కొడుకు సామ్యూల్ పొంగిపోతూ, "బాపూ, చర్చంత నీ ముచ్చటే!" అన్నాడు. స్వీటీ మాత్రం దిగులుగా వుంది. "ఇయ్యాల నేను నిజంగనే మూసుకున్న. ఏం చూడలే" అంది, యుద్ధం నాడు సెలవు పెట్టిన గూఢచారి బాధతో.

రాహేలు శాసనం గుర్తు చేయలేదు. మూలుగ బొక్క ఒకటి వెతికి ఆయన పళ్లెంలో వేసింది. ఇశ్రాయేలు ఆ బొక్కను ముట్టలేదు. నీళ్లు తాగి, పళ్లెం పక్కకు జరిపి, సభను ఉద్దేశించి పలికాడు.

"ఇనుండ్రి. నేను జనం నడిమికి పోలే. తూలిన. మీ అమ్మ లేకుంటే ఇప్పుడు దవాఖానల ఉంటుంటి. మాట ప్రకారం ప్రార్థన డానియేలుకు ఇయ్యాలె." స్వీటీ పళ్లెంతో సహా దగ్గరికి జరిగింది. "గని ఇయ్య. మెట్టే ఎక్క. వచ్చే వారంసంది కిందనే నిలవడ్త, ఆడోళ్ల దిక్కు, మీ అమ్మ భుజం పట్టుకొని. ఎవలేమన్న అనుకోని."

"భుజం నాది. నన్నడిగినవా?" అంది రాహేలు.

"ఇప్పుడడుగుతున్న."

"మూడు నిమిషాలు. అంతకన్న ఎక్కువ నిలవడితే నా మోకాళ్లు గూడ జాబితాల చేరుతయి."

"ఐదు."

"నాలుగు. ఇంక తిను, సల్లగైతది."

ఆ విధంగా, ముప్పైమూడేళ్లు ఏ కమ్మీనీ ముట్టని ఆ మహావీరుడు తొలిసారి ఒక ఆధారాన్ని అడిగి పుచ్చుకొని, భూమ్యాకర్షణశక్తిని ఆరంగుళాల మేర ఓడించి, పదినిమిషాలకు తగ్గని ప్రార్థనలో నాలుగు నిమిషాల రాజ్యాన్ని నిలబెట్టుకున్నాడు. ఈ గాథ చదివిన వారికి, విన్నవారికి, తూలిన ప్రతిసారీ చేతికందే దూరంలో ఒక భుజమో, కనీసం ఒక గోడో దొరుకుగాక!