ఎవరూ ముట్టని మడుగు

ఒక పెద్ద అడవిలో, కొండ మీద ఒక మడుగు ఉండేది. పొద్దున జింకలు వచ్చి తాగేవి. మధ్యాహ్నం ఏనుగులు దిగి జలకాలాడేవి. సాయంత్రం అడవిపందులు ఒడ్డంతా తొక్కి బురదలో పొర్లేవి. నీళ్లు ఎప్పుడూ మురికిగానే ఉండేవి గానీ, ఎంత ఎండాకాలంలోనూ అడుగంటేవి కావు. ఎందుకు అడుగంటవని ఎవరూ ఆలోచించలేదు. ఉన్నదాని గురించి ఆలోచించే అలవాటు ఆ అడవిలో ఎవరికీ లేదు.

ఒక ఏడు వానలు సగమే కురిశాయి. వలస కొంగలు వచ్చి, దారి పొడుగునా ఇలాగే ఉందని, ఇంకో రెండు మూడేళ్లు ఇదే వరసని చెప్పి ఎగిరిపోయాయి. అడవిలో గుబులు పుట్టింది.

అడవి సభకు అధ్యక్షుడు కుంభయ్య అనే ఏనుగు. మంచివాడే. ఏ సంగతైనా సభ పెట్టి తేల్చాలంటాడు. తేల్చాక ఇక దాని గురించి ఆలోచించడు. ఆ ఆలోచించే పనంతా కార్యదర్శి జంబుకరావు చూసుకునేవాడు. జంబుకరావు నక్క. పక్క అడవిలో చదువుకొచ్చానని చెప్పుకునేవాడు.

"ఏటేటా వానకోసం ఆకాశం వంక చూడటం వెనకబడిన అడవుల లక్షణం," అన్నాడు జంబుకరావు సభలో. "మనకు దీర్ఘకాలిక ప్రణాళిక కావాలి."

"అంటే ఏం చెయ్యాలి?" అన్నాడు కుంభయ్య.

"మడుగు చుట్టూ ముళ్లకంచె వేద్దాం. ఇక అది మడుగు కాదు, కరువు నిల్వ. కరువు వచ్చిందని సభ ప్రకటించేదాకా ఎవరూ ముట్టకూడదు."

"అందాకా మేం తాగేదేమిటి?" అని అడిగింది చుక్కమ్మ అనే జింక.

"కింద వాగు ఉందిగా."

"వాగు చలి పోయేసరికల్లా ఎండిపోతుంది."

"ప్రణాళిక విలువ అప్పుడే కదమ్మా తెలిసేది."

అందరూ తలలూపారు. అర్థం కాలేదని ఒప్పుకోవడం కంటే తల ఊపడం తేలిక.

"ఇంకొకటి," అన్నాడు జంబుకరావు. "నీళ్లు దాచే చోట పందులుంటే బాగుండదు. వాళ్లను ఎర్రలోయకు పంపేద్దాం."

ఎర్రలోయ కొండ కింద ఉండేది. బండలూ ఎర్రమట్టీ తప్ప అక్కడేమీ లేవు.

కుంభయ్య కాస్త నసిగాడు. "నీళ్లలోకి మేమూ దిగుతాం కదయ్యా."

"తమరు దిగితే స్నానం. వాళ్లు దిగితే పాడుచెయ్యడం. అయినా నియమం అందరికీ ఒకటే అనిపించుకోవాలి కనక తమరు కూడా మానెయ్యండి."

కుంభయ్య ముఖం వాడిపోయింది. కానీ అధ్యక్షుడు కదా, సరేనన్నాడు.

పందుల గుంపుకు పెద్దదిక్కు వరాలమ్మ లేచింది. "పెద్దాయనా, ఎర్రలోయలో బురద కూడా లేదు. బురద లేకపోతే మేం పందులమని ఎవరు నమ్ముతారు?"

"అందరి మేలు కోసం కొంచెం త్యాగం చెయ్యాలమ్మా," అని అందుకున్నాడు జంబుకరావు.

"త్యాగం అనేసరికి మీకు ఎప్పుడూ మా గుంపే కనబడుతుందేం బాబూ," అంది వరాలమ్మ. పిల్లల్ని కూడగట్టుకుని కొండ దిగిపోయింది.

కాపలాకు మకరందం అనే మొసలిని పెట్టారు. అతను నెలనెలా సభకు వచ్చి, "ఒక్కరూ ముట్టలేదండి," అని చెప్పేవాడు. అది నిజమే. సభ చప్పట్లు కొట్టేది.

మొదటి ఎండాకాలం వాగు ఎండింది. కరువు ప్రకటించమని అందరూ అడిగారు.

"ఇది కరువు కాదు, వర్షాభావం," అన్నాడు జంబుకరావు. "కరువు నిల్వను వర్షాభావానికి వాడేస్తే రేపు కరువుకేం వాడతాం?"

నాలుక పిడచకట్టుకుపోయినా, ఆ మాట అందరికీ సబబుగానే తోచింది.

రెండో ఎండాకాలం మరీ ఘోరం. చుక్కమ్మ అప్పుడే ఈనింది. లేవలేని పిల్లను ఒక పొద చాటున పడుకోబెట్టి, కుంభయ్య దగ్గరకు వచ్చి నిలబడింది.

"పాలు రావడం లేదు బాబూ. నాలుగు గుక్కలు తాగనిస్తే చాలు."

కుంభయ్యకు మనసు కలుక్కుమంది. జంబుకరావు వంక చూశాడు.

"వచ్చే ఏడు ఇంతకన్నా ఘోరంగా ఉండొచ్చు," అన్నాడు జంబుకరావు. "దీర్ఘకాలికమంటే అదే తల్లీ."

చుక్కమ్మ పొద దగ్గరకు తిరిగి వెళ్లింది. పిల్లను ఎలాగో లేపుకుని, ఎటు వెళ్లాలో తెలియక వాలు ఎటుంటే అటు నడిచింది. అలా నడిచి నడిచి ఎర్రలోయ చేరింది. అక్కడ చప్చప్‌మని చప్పుడు వినిపించింది. చూస్తే, మెడ దాకా ఎర్రటి బురదలో కూరుకుని వరాలమ్మ హాయిగా కళ్లు మూసుకుని ఉంది.

"రా చెల్లీ," అంది కళ్లు తెరిచి. "ఏం చోద్యమో, మేం వచ్చిన కొన్నాళ్లకే ఈ బండల సందుల్లోంచి నీళ్లు ఊరడం మొదలెట్టాయి. ఎందుకని అడిగితే ఆగిపోతాయేమోనని అడగలేదు. ఆ మూలకు వెళ్లి తాగు, అక్కడ తేటగా ఉంటాయి. మావాళ్లు అటు రారు, తేటనీళ్లంటే వాళ్లకు గిట్టదు."

చుక్కమ్మ కడుపునిండా తాగింది. సాయంత్రానికి పిల్ల పొట్ట గుండ్రంగా అయింది. చుక్కమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది.

"ఎవరికీ చెప్పొద్దనను. దాహంతో ఉన్నవాళ్లకు చెప్పు," అంది వరాలమ్మ. "సభకు మాత్రం చెప్పకు."

కొద్ది రోజుల్లోనే సంగతి అడవంతా పాకింది. అయితే తనకొక్కడికే తెలుసని ఎవరికి వారే అనుకున్నారు. ఒకరు రావడం చూసి ఇంకొకరు బండచాటుకు తప్పుకునేవారు.

ఒక సాయంత్రం కుంభయ్య కూడా వచ్చాడు. వరాలమ్మ ఎదురుపడేసరికి తొండం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"పర్యవేక్షణకు వచ్చాను," అన్నాడు.

"పర్యవేక్షించండి బాబూ. ఆ పక్కన లోతు బాగుంటుంది."

కుంభయ్య పొద్దుగూకేదాకా పక్కకు తిరిగి పడుకుని పర్యవేక్షించాడు. లేచేటప్పుడు మెల్లగా అన్నాడు, "మిమ్మల్ని ఇక్కడికి తోలింది నేనే."

"అవును బాబూ. చెవుల వెనక కూడా తడుపుకోండి. ఎండి పగుళ్లిచ్చాయి."

మూడో ఎండాకాలం వచ్చేసరికి, ఇది కరువు కాదనడానికి జంబుకరావుకు కూడా మాట దొరకలేదు. సభ కరువును ప్రకటించింది. నిల్వను తెరవడానికి పెద్ద వేడుక పెట్టారు. కంచెకు పూలతీగలు చుట్టారు. జంబుకరావు ముందుచూపు గురించి చాలాసేపు మాట్లాడాడు. తర్వాత కుంభయ్య తొండంతో కంచె తలుపు లాగాడు.

లోపల చుక్క నీరు లేదు. నేలంతా బీటలు. బీటల మధ్య ఎలుక బొరియలు.

మకరందాన్ని పిలిచారు. అతను పొదల వెనకనుంచి వచ్చాడు.

"నీళ్లేవయ్యా?" అన్నాడు కుంభయ్య.

"ఎవరూ ముట్టలేదండి."

"మరి ఎక్కడికి పోయాయి?"

"నీళ్లు ఎక్కడికి పోతున్నాయో చూడమని నాకు చెప్పలేదండి. ఎవరు వస్తున్నారో చూడమన్నారు."

కుంభయ్య మడుగులోకి దిగాడు. కాలు ఒక బీటలో దిగబడింది. ఆ బీట లోతెంతో తొండం పెట్టి చూశాడు.

"మేమూ పందులూ రోజూ తొక్కుతుంటే అడుగుమట్టి మెత్తినట్టు గట్టిగా ఉండేది. తొక్కేవాళ్లు లేక పగిలింది. నీళ్లన్నీ కొండలోకి దిగి, అట్నుంచి కిందికి..." అని ఆగిపోయాడు.

అందరూ లోయ వంక చూశారు. తర్వాత ఒకరి కాళ్ల వంక ఒకరు చూసుకున్నారు. అందరికీ మోకాళ్ల దాకా ఎర్రమట్టి. మకరందానికి వీపు మీద కూడా ఉంది. జంబుకరావుకు మీసాల దాకా అంటుకుంది.

ముందు చుక్కమ్మ నవ్వింది. తర్వాత ఎవరూ ఆపుకోలేకపోయారు. నవ్వీ నవ్వీ మకరందానికి నిజం కన్నీళ్లే వచ్చాయి.

జంబుకరావు గొంతు సవరించుకున్నాడు. "సభ్యులారా, అంతా నేననుకున్నట్టే జరిగింది. దీన్ని భూగర్భ నిల్వ అంటారు. ఇక ఎర్రలోయ చుట్టూ ఒక కంచె వేస్తే..."

కుంభయ్య ఆ మాట పూర్తికానివ్వలేదు. కంచెను తొండంతో పెరికి చుట్టలా చుట్టి అవతల పారేశాడు.

"కంచె వద్దు."

"సభ తీర్మానం లేకుండానా?" అన్నాడు జంబుకరావు.

"ఏ సాయంత్రం చూసినా సభంతా ఎర్రలోయలోనే ఉంటోంది కదయ్యా. అక్కడే తీర్మానించాం అనుకో."

తర్వాత తనే కొండ దిగి వరాలమ్మ దగ్గరకు వెళ్లాడు. "తప్పు నాది. తొలకరి పడగానే మీరంతా పైకి రావాలి. ఆ మడుగు తొక్కడం మా ఒక్కళ్లవల్ల కాదు."

"వస్తాం బాబూ," అంది వరాలమ్మ. "అయితే మావాళ్లు కొందరు ఇక్కడే ఉంటారు. ఈ ఎర్రబురద తమ రంగుకు నప్పిందంటున్నారు."

మరుసటి ఏడు వానలు బాగా పడ్డాయి. ఏనుగులూ పందులూ కలిసి మడుగును తొక్కాయి. నీళ్లు మళ్లీ మురికిగా, నిండుగా నిలిచాయి. చుక్కమ్మ పిల్ల వాటిలో కాళ్లు తడుపుకుని గెంతింది.

అడవిని కరువునుంచి గట్టెక్కించిన అనుభవజ్ఞుడని పక్క అడవివాళ్లు జంబుకరావును సలహాదారుగా పిలిపించుకున్నారు. వెళ్లిన రోజే ఆయన అక్కడ ముళ్లకంపలు ఎక్కడ దొరుకుతాయని వాకబు చేశాడట.

నీతి: కరువుకోసం నీళ్లు దాచుకుంటే, ఎక్కడ దాచారో ప్రణాళిక వేసేవాళ్లకు మాత్రం తెలియనివ్వకండి.