ఒక విమానం, లోపల ఒక మనిషి

కరివేపాకు తెమ్మంటే కొత్తిమీర తెచ్చే గోవర్ధనరావు, ఒక ఆదివారం పాత యుద్ధవిమానాన్నీ, అందులో ముప్పై నాలుగేళ్లుగా కూర్చుని ఉన్న పైలట్‌నూ కలిపి కొనుక్కొచ్చాడు. భార్య సుభాషిణి అడిగింది ఒకటే.

"ఆయన కారం తింటారా?"

కాగితాలన్నీ సక్రమంగానే ఉన్నాయి. ఎగరడం మానేసిన ఆ విమానాన్ని మొదట వేలంలో ఒక ఇంజనీరింగ్ కాలేజీ కొన్నది. అప్పగింత రోజున రెక్కలు రెండు, చక్రాలు మూడు, మనిషి ఒకటి అని జాబితా రాశారు. పైలట్ సుదర్శనం విమానం ఎలా నడుపుతారో కాలేజీవాళ్లకు చూపించడానికని అప్పుడు కాసేపు సీట్లో కూర్చున్నాడు. దిగమని ఎవరూ చెప్పలేదు. కాలేజీ నుంచి ఒక ఫంక్షన్ హాలు కొన్నప్పుడు దస్తావేజు లేఖరి పాత జాబితాను అక్షరం పొల్లుపోకుండా దించాడు. పాత కాగితాలతో లింకు తెగకూడదు కదా. హాల్లో ఆరు వందల జంటలు ఆయన ముందు నిలబడి ఫొటోలు తీయించుకున్నాయి.

ఇప్పుడు ఆ హాలువాళ్ల దగ్గర కొన్న విమానం సగం పెరట్లో, సగం వీధిలో ఉంది. సుభాషిణి రోజూ నిచ్చెనెక్కి క్యారేజీ అందించేది.

"దిగొచ్చుగా అన్నయ్యగారూ?"

"యజమాని ఆర్డరుండాలమ్మా. లేకపోతే పారిపోయినట్టు."

ఆర్డరివ్వమని భర్తను అడిగింది.

"మనిషిని దింపేస్తే ఆ రేకుల్ని ఎవడు కొంటాడే?" అన్నాడు గోవర్ధనరావు.

ఏడాది తిరక్కుండానే హైవే మీద హోటలు పెడుతున్న వీరభద్రం బేరం కుదుర్చుకున్నాడు. సుదర్శనం ఇంకో చేతికి పోకముందే దింపాలన్న ఆరాటం సుభాషిణికి పట్టుకుంది. తెల్లకాగితం మీద "దిగవలెను" అని రాసి, కరెంటు మీటరు అర్జీ కింద పెట్టి భర్తకిచ్చింది. ఇంటి కాగితాలు చదివే అలవాటు ఆయనకు లేదు. రెండిటి మీదా సంతకం పెట్టాడు.

సుదర్శనం ఆర్డరు రెండుసార్లు చదివి దిగాడు. వంగిన మోకాళ్లు తిన్నగా కాలేదు. పట్టుకుని అరుగు మీద కూర్చోబెట్టారు.

మర్నాడు వీరభద్రం లేఖరిని వెంటబెట్టుకొచ్చి, జాబితా సరిచూసుకున్నాడు.

"మనిషేడండీ?"

లేఖరి కళ్లజోడు సర్దుకున్నాడు. "పేరు లేదు లెండి. మనిషి ఒకటి అనే ఉంది. ఎవరైనా సరిపోద్ది. రిజిస్ట్రేషనయ్యేదాకా, కాసేపే."

అందరూ సుభాషిణి వైపు చూశారు. ఇలాంటప్పుడు చూసేది ఆమె వైపే. ఆమె చేతులు కొంగుకు తుడుచుకుని నిచ్చెనెక్కసాగింది.

"నాకూ కాసేపే అన్నారమ్మా," అన్నాడు సుదర్శనం అరుగు మీద నుంచి.

ఆమె ఆగలేదు. మూడో మెట్టు దగ్గర గోవర్ధనరావు ఆమె మోచెయ్యి పట్టుకుని కిందికి దించాడు. తనే ఎక్కి కూర్చున్నాడు. సీటు ఆయనకు కొలిచి కుట్టినట్టు సరిపోయింది. వీరభద్రం జాబితాలో మనిషి ఒకటి అన్నచోట టిక్కు పెట్టి, క్రేనును రమ్మన్నాడు.

అద్దం మూతపడేలోపు గోవర్ధనరావు తల బయటపెట్టాడు. ఇరవై ఏడేళ్ల కాపురంలో ఆమె ఈ మాట వినడం ఇదే మొదలు.

"వచ్చిన రోజే దింపాల్సింది. తప్పు నాదేనే, సుభా."