మంత్రిగారు వేలు పెట్టిన ఫ్లాటు

పర్యాటక శాఖ మంత్రిగారు మూడు రోజులపాటు సామాన్యుడిగా బతకాలని నిర్ణయించుకున్నట్టు ఆ ఉదయం పత్రికలన్నీ మొదటి పేజీలో వేశాయి. సముద్రపు ఒడ్డున ఒక మామూలు ఫ్లాటును, అందరిలాగే ఫోన్లో యాప్ తెరిచి, తన వేలితో తానే బుక్ చేసుకుంటారట. బుక్ చేస్తున్న ఫొటో కూడా వచ్చింది. ఫోను పట్టుకున్నది పీఏ. యాప్ తెరిచింది ఎవరో ఇంజనీరు. కళ్ళజోడు సర్దింది గన్‌మాన్. వేలు మాత్రం అచ్చంగా మంత్రిగారిదే. ఎవరూ వేలెత్తి చూపడానికి వీల్లేని పని.

ఆ వేలు పడింది మా అక్క ఫ్లాటు మీద.

మా అక్క ముప్పై మూడేళ్ళు ప్రైవేటు బడిలో లెక్కలు చెప్పింది. ఆ బడి పింఛను ఇవ్వదు కాబట్టి, ఉన్నదంతా ఊడ్చిపెట్టి మా భవనంలోనే ఆరో అంతస్తులో సముద్రం వైపు ఫ్లాటు కొంది. దాన్ని యాప్‌లో అద్దెకిచ్చి, తాను చెత్తకుండీల వైపున్న నా ఫ్లాటులో ఉంటోంది. ఆమె తిండీ మందులూ ఆ ఫ్లాటు మీదే. అప్పటిదాకా దిగిన ఆరుగురు అతిథులూ ఐదేసి స్టార్లు ఇచ్చారు. సగటు నాలుగున్నర కిందికి జారితే యాప్‌వాళ్ళు ఫ్లాటును జాబితాలోంచి తీసేస్తారు. అందుకని అక్క దుప్పటి మూలలు కూడా సరిగ్గా తొంభై డిగ్రీలకు మడుస్తుంది.

నేను ఆ భవనం అసోసియేషన్ కార్యదర్శిని. లిఫ్టు ఆగినప్పుడల్లా తిట్లు తినడం నా పదవి. అంతటి మనిషి మన లిఫ్టు ఎక్కుతాడని తెలిశాక రెండు రోజులు నా కాలు నేల మీద నిలవలేదు.

బుకింగులో "అతిథుల సంఖ్య: ఇద్దరు. రాక ఉద్దేశం: ప్రజాసేవ" అని ఉంది. వచ్చింది నలభై ముగ్గురు. ఇద్దరని రాశారు కదా బాబూ అని అక్క గుమ్మంలో నిలబడి అడిగితే పీఏ ఎంతో ఓపిగ్గా వివరించాడు. మంత్రిగారూ ఆయన సతీమణీ కలిసి ఇద్దరు. మిగతావాళ్ళు అతిథులు కారు, ఏర్పాట్లు.

ఫ్రిజ్ మీద అక్క అంటించిన నిబంధనల కాగితాన్ని మంత్రిగారు స్వయంగా చదివారు. ఇసుక కాళ్ళు కింద కుళాయి దగ్గర కడుక్కుని పైకి రావాలన్నది ఆయనకు తెగ నచ్చింది. అప్పటికప్పుడు అమలు చేయించారు. సూటు వేసుకున్న శాఖ డైరెక్టరు దగ్గర్నుంచి డ్రైవరు దాకా, అసలు ఇసుకలో అడుగే పెట్టనివాళ్ళతో సహా, ప్యాంట్లు మోకాళ్ళదాకా మడిచి ఒక్క కుళాయి ముందు బారులు తీరారు. మర్నాడు ఆ ఫొటో నాలుగు కాలమ్‌ల్లో వచ్చింది. "మంత్రిగారి వెంట ఫ్లాటులో బస చేసిన నలభై ఇద్దరు: పరిశుభ్రతలో దేశానికే ఆదర్శం" అని కింద రాశారు. మంత్రిగారు మాత్రం చెప్పులతోనే పైకి వచ్చారు. అమలు చేయించేవారికి కాళ్ళు కడుక్కునే తీరిక ఎక్కడుంటుంది?

మూడు రోజులూ ఆయన బాల్కనీలో సముద్రానికి వీపు పెట్టి కూర్చున్నారు. ఫొటోలో సముద్రం వెనక పడాలంటే అంతకంటే దారి లేదు. రెండో రోజు మాత్రం ఒకసారి చెవి రిక్కించారు.

"ఆ చప్పుడేమిటయ్యా?"

"అలలు సార్."

"మన హయాంలో మొదలైనవేనా?"

డైరెక్టరుగారు కాస్త ఆలోచించి, అలలు పాతవే గానీ గత ప్రభుత్వంలో ఇంత ఎత్తు లేచేవి కావని మనవి చేశారు. ఆయన నిజాయితీకి నాకు ఒళ్ళు పులకరించింది.

మూడో రోజు ఖాళీ చేసే ముందు, విలేకరుల సమక్షంలో రివ్యూ ఇచ్చే కార్యక్రమం పెట్టారు. అక్క తడి చేతులు తువ్వాలుకు తుడుచుకుంటూ తలుపు పక్కన నిలబడింది. పీఏ ఫోను పట్టుకున్నాడు. తెర మీద ఐదు ఖాళీ నక్షత్రాలున్నాయి. ఇవేమిటని మంత్రిగారు అడిగారు. ఫ్లాటు ఎంత బాగుందో చెప్పడానికి సార్, ఐదు నొక్కితే సరిపోతుంది అన్నాడు పీఏ.

మంత్రిగారి ముఖం ఎర్రబడింది.

"ఐదా? ఇరవై ఏళ్ళుగా ఊరూరా తిరిగి, ఒకటో నంబరు నొక్కండి, ఒకటో నంబరే మనది అని జనానికి చెప్పుకున్నవాణ్ణి. ఇంత మంచి ఇంటికి ఐదో స్థానం ఇమ్మంటావా? ఈ అమ్మ మొహం చూస్తూ ఆ మాట నీకెలా వచ్చిందయ్యా?"

అలా మందలించి, వేలు పైకెత్తి కెమెరాలన్నిటికీ చూపించి, ఒకటి నొక్కేశారు.

చప్పట్లు మారుమోగాయి. అందరికంటే ముందు కొట్టింది నేనే. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గేస్తుంది. అక్క కొట్టలేదు. గోడ వైపు చూస్తూ పెదవులు కదిపింది. ముప్పై ఒకటిని ఏడుతో భాగిస్తే నాలుగు పాయింట్ నాలుగు మూడు. సాయంత్రానికి ఫ్లాటు యాప్‌లోంచి మాయమైంది.

మర్నాడు అక్కను వెంటబెట్టుకుని మంత్రిగారి ఆఫీసుకు వెళ్ళాను. పీఏకి విషయం తెలియక కాదు. తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించి, సారు ఒకసారి వేలు పెట్టాక వెనక్కి తీసుకోరమ్మా, తీసుకుంటే తప్పు చేసినట్టవుతుంది అన్నాడు.

"నేను తినేది ఆ ఫ్లాటు మీద బాబూ" అంది అక్క.

దానికి ఏదో ఒకటి చేస్తానని అతను మాటిచ్చాడు. మాట నిలబెట్టుకున్నాడు కూడా. పది రోజుల్లో జీవో వచ్చింది. ఇకమీదట రాష్ట్రంలో ఒక్క స్టారంటే మొదటి స్థానం, ఐదంటే చివరిది. పెద్ద పెద్ద హోటళ్ళవాళ్ళు నిచ్చెనలు వేసుకుని బోర్డుల మీద నాలుగేసి నక్షత్రాలు ఊడదీసుకున్నారు. నల్లులకు పేరుపడ్డ బస్టాండు లాడ్జి ఉన్నట్టుండి అగ్రశ్రేణిలో చేరింది. జనం ముక్కున వేలేసుకున్నారు. మా అక్క ఫ్లాటు తలుపుకు ఇత్తడి ఫలకం బిగించారు, "రాష్ట్రంలోనే ప్రప్రథమ ఒక్క స్టారు నివాసం" అని. బ్యాండు వచ్చింది, డైరెక్టరు వచ్చారు, విలేకరులు వచ్చారు. అతిథులే రాలేదు. యాప్‌వాళ్ళది వేరే దేశం. జీవో అంతదూరం వెళ్ళలేకపోయింది.

రెండు నెలలు అలాగే గడిచాయి. అక్క ఆకలి లేదని ఒక పూట తినడం మొదలుపెట్టింది. మాత్రలు సగానికి విరిచి వేసుకుంటోందని నేను ఆలస్యంగా కనిపెట్టాను. ఫ్లాటు అమ్మేద్దామా అంటే మడిచిన దుప్పట్లే తీసి మళ్ళీ మడిచింది.

అప్పుడు పర్యాటక శాఖ నుంచి నోటీసు వచ్చింది. ఆ యాప్‌లో అతిథులు ఇంటికి స్టార్లు ఇచ్చినట్టే, ఇంటివాళ్ళూ అతిథికి ఇస్తారు. మంత్రిగారు ఖాళీ చేసే రోజు పొద్దున్నే అక్క అలవాటుకొద్దీ, మొద్దు పిల్లవాడికి చేతిరాత చూసి మార్కులు వేసినట్టు, ఐదూ ఇచ్చేసింది. జీవో ప్రకారం అది చివరి స్థానం. గౌరవనీయులైన మంత్రిగారిని ఐదో స్థానానికి దిగజార్చినందుకు మూడు రోజుల్లో సంజాయిషీ చెప్పాలనీ, లేకుంటే ఫ్లాటు స్వాధీనం చేసుకుంటామనీ నోటీసులో ఉంది.

నేను తెలిసిన లాయర్లందరికీ ఫోన్లు చేశాను. అక్క మాత్రం యాప్ నియమాలు పదకొండు పేజీలు అచ్చు తీయించుకుని, ఎర్ర పెన్ను పట్టుకుని రెండు రోజులు బల్ల ముందు కూర్చుంది. మూడో రోజు పీఏ వచ్చాడు.

"సారుకి ఎన్ని కావాలి బాబూ?"

"ఒకటమ్మా. ఒక్కటంటే ఒక్కటే."

"రాసివ్వు."

అతను లెటర్‌హెడ్ మీద రాసి, ముద్ర వేసి ఇచ్చాడు. మంత్రివర్యులకు తక్షణమే ఒక్క స్టారు ఇవ్వవలెను, లేనిచో ఫ్లాటు స్వాధీనమగును. అక్క అందులో రెండు అక్షర దోషాలు దిద్ది, కళ్ళజోడు పెట్టుకుని, పాత ఐదు చెరిపి ఒకటి నొక్కింది.

"ఇన్నేళ్ళలో ఆయన చెప్పిన నంబరు నొక్కడం ఇదే మొదటిసారి" అంది.

పీఏ దండం పెట్టి వెళ్ళిపోయాడు. ఒక్క స్టారు ఎందుకిచ్చారో ఆధారాలు జతచేయండి అని యాప్ అడిగింది. అక్క ఆ లెటర్‌హెడ్‌నూ, కుళాయి ముందు బారులు తీరిన పత్రిక ఫొటోనూ జతచేసింది.

నాలుగు రోజులకు జవాబు వచ్చింది. ఇద్దరికని చెప్పి నలభై ముగ్గురితో దిగినందుకూ, స్టార్ల కోసం ఇంటివాళ్ళను బెదిరించినందుకూ ఆ అతిథి ఖాతాను ఏ దేశంలోనూ పనిచేయకుండా శాశ్వతంగా మూసేశామన్నారు. ఆయన ఇచ్చిన రివ్యూ చెల్లదన్నారు. మీ ఫ్లాటు మళ్ళీ జాబితాలో ఉంది, రేటింగు ఐదు అన్నారు. అక్క ఆ ఉత్తరాన్ని రెండుసార్లు చదివి, ఆ పూట కడుపునిండా తిన్నది.

ఆ వారమే మంత్రిగారు విదేశాల్లోని బీచులను అధ్యయనం చేయడానికి, అదే యాప్‌లో గదులు తీసుకుని, సకుటుంబంగా బయల్దేరాల్సింది. పత్రికల్లో మళ్ళీ మొదటి పేజీ ప్రకటన వచ్చింది. "మంత్రిగారి పర్యటన రద్దు. ఏ దేశంలోనూ ఆయన స్థాయికి తగిన గది లేదు." నేను దాన్ని కత్తిరించి ఫ్రిజ్ మీద నిబంధనల పక్కన అంటించాను.

మర్నాడు ఇద్దరు ఉద్యోగులు స్క్రూడ్రైవర్లతో వచ్చి ఇత్తడి ఫలకం విప్పుకుపోయారు. ఒకటో స్థానంలో ఉన్న ఫ్లాటు ఐదుకు పడిపోయిందమ్మా అని వాళ్ళు నిజంగానే బాధపడ్డారు. అక్క వాళ్ళకు మంచినీళ్ళిచ్చి పంపింది.

సాయంత్రం పీఏ ఫోన్ చేశాడు. మేడమ్‌గారూ పిల్లలూ సముద్రం చూడాలని పట్టుబట్టి కూర్చున్నారట. ఎక్కడ అడిగినా ఖాళీ లేదంటున్నారట. యాప్ గొడవ లేకుండా ఒక్క వారం ఆ ఫ్లాటు ఇస్తే చాలట. ఈసారి నిజంగా కొద్దిమందేనట.

అక్క ఫోనును చెవికీ భుజానికీ మధ్య నొక్కిపట్టి, కొత్త అతిథుల కోసం దుప్పటి మూల మడుస్తూ అంతా విన్నది.

"మాది ఐదో స్థానం ఫ్లాటు కదా బాబూ. సారు స్థాయికి చాలదు."

ఫోను పెట్టేసి, కింద కుళాయి సన్నగా వస్తోందట, అతిథులు కాళ్ళు కడుక్కోలేక నిలబడ్డారట, వెళ్ళి చూడమని నన్ను పంపింది.