చీమల పాపం ఎవరి పేర

నొంతబురి పట్టణంలో థావీ గారి ఇల్లు అహింసకు పెట్టింది పేరు. ఆ ఇంట్లో ఒంటి మీద దోమ వాలితే ఊదుతారు గాని కొట్టరు. ఈ సంగతి ఎలా తెలిసిందో గాని, వీధిలోని చీమలన్నీ ఆ ఇంటినే ఎంచుకున్నాయి. చక్కెర డబ్బా, బియ్యం డబ్బా, థావీ గారి ఆఫీసు టోపీ, ఏదీ వదల్లేదు. అంతవరకూ ఎవరూ పట్టించుకోలేదు. థావీ గారి మూడు నెలల కూతురు కుంగ్ చెవి చీమకాట్లకు బూరెలా వాచిన రోజున మాత్రం తల్లి కన్నికా ఏడుపు ఆపుకుని, ఈ ఇంట్లో చీమలైనా ఉండాలి, తానూ తన బిడ్డా అయినా ఉండాలి అని తేల్చి చెప్పింది.

జిల్లా కార్యాలయంలో ఉపాధికారి అయిన థావీ గారు వెంటనే భోజనాల బల్ల దగ్గర అత్యవసర సమావేశం ఏర్పాటు చేశారు.

"చీమలు పోవాలి. ఇందులో రెండో మాట లేదు. అయితే పోవడం వేరు, చంపడం వేరు. మనం చంపం. అవి పోతాయి. ఈ కుటుంబ విధానం ఇదే," అని ఇరవై నిమిషాలు ప్రసంగించారు. ఆలోపు ఆయన పళ్లెంలోని మామిడిపండు, కొబ్బరిపాల అన్నం చీమల పాలయ్యాయి.

ఆయన తల్లి ప్రయూన్ గారు బుద్ధుడి పంచశీలాలు తప్పని మనిషి. పౌర్ణమి వస్తే తెల్లబట్టలు కట్టి గుడిలోనే గడుపుతారు. "నా చేత్తో మాత్రం మందు చల్లనురా నాయనా," అన్నారు. ఇంకెవరి చేత్తోనైనా చల్లితే ఆవిడకు అభ్యంతరం లేదు.

కాబట్టి మందు చల్లే బుంచూని పిలిపించారు. అతను వీపున డబ్బాతో వచ్చి, చీమల బారు వెంబడే ఉయ్యాల దగ్గర్నుంచి వంటింట్లోకి, అక్కణ్ణుంచి వాకిట్లోకి నడిచి, స్తంభం మీద ఇంటిని కాచే స్థలదేవత గూడు దగ్గర ఆగాడు. అక్కడ రోజూలాగే మూత తీసి, స్ట్రా వేసి నైవేద్యం పెట్టిన ఎర్ర సోడా సీసా ఉంది.

"పెద్దమ్మా, మందు దండగండీ. ఈ సీసా పెట్టిన గంటకి తీసెయ్యండి చాలు. వారంలో ఒక్క చీమ కనబడితే నన్నడగండి," అన్నాడు.

"దేవత గొంతు ఎండబెట్టమంటావా? మా మామగారి కాలం నుంచి పెడుతున్న సోడా!" అన్నారు ప్రయూన్ గారు.

"గంట చాలదా అత్తయ్యా, ఒక్క సీసా తాగడానికి?" అంది కన్నికా.

"నువ్వూరుకోవే. తాగేవాళ్ళని తొందరపెడతారా ఎవరైనా?"

ఆ విధంగా, చంపే పని లేని ఏకైక మార్గం భక్తిశ్రద్ధలతో తిరస్కరించబడింది.

బుంచూ నిట్టూర్చి జేబులోంచి ఒక కాగితం తీశాడు. "చచ్చిన చీమల పాపం ఇంటివారిదేనని ఇక్కడ సంతకం పెట్టాలండీ. నేనూ గుడికెళ్ళేవాణ్ణే. రోజుకి నాలుగిళ్ళు తిరుగుతాను, అందరి పాపం నేనెక్కడ మొయ్యను?"

థావీ గారు కలం తీసి, కాగితం రెండుసార్లు చదివి, కలం మూసేశారు. ఆయనకు ప్రమోషను రావలసి ఉంది. ప్రయూన్ గారు జపమాల అందుకున్నారు.

"ఇలా తెండి, నేను పెడతాను," అంది కన్నికా.

"పాలిచ్చేదానివి! ఆ పాపం పాలల్లోకి దిగదూ?" అని అత్తగారు కాగితం లాక్కున్నారు.

అప్పుడు థావీ గారి చూపు ఉయ్యాల మీద పడింది. "పాపం, పుణ్యం తెలియని పసిది. దానికి ఏదీ అంటదు. పైగా ఈ పని జరుగుతున్నది దాని కోసమే కదా!"

"నా కొడుకు బుర్రే బుర్ర," అని ప్రయూన్ గారు మురిసిపోయి, మనవరాలి బొటనవేలు తానే పట్టుకుని సిరాలో అద్దారు. బిడ్డ ఉలిక్కిపడి ఏడ్చింది. ఈ ఒక్క రోజైనా అది కంటినిండా నిద్రపోతుందన్న ఆశతో కన్నికా కాదనలేకపోయింది. అందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

మూడు రోజులు ఒక్క చీమ లేదు. నాలుగో రోజు కొత్త సీసాకి కొత్త చీమలు వచ్చాయి. రెండో కాగితం మీదా కుంగే వేలిముద్ర వేసింది. అలవాటైపోయింది, ఈసారి ఏడవలేదు.

ఆదివారం అందరూ గుడికెళ్ళారు. గుడి కొత్త కప్పుకు పెంకు సమర్పించి, దాని మీద పేర్లు రాస్తే ఆ పుణ్యం పేరున్నవాళ్ళకి దక్కుతుంది. ప్రయూన్ గారు తన పేరు రాసుకున్నారు. థావీ గారు హోదాతో సహా రాసుకున్నారు. కోడలి పేరూ ఒక మూల ఇరికించారు.

"కుంగ్ పేరు కూడా రాయండి అత్తయ్యా," అంది కన్నికా.

"చోటేదే? అయినా పాపం, పుణ్యం తెలియని పసిదానికి పుణ్యం దేనికి?" అన్నారు ప్రయూన్ గారు.

తల్లి ఒళ్ళో కుంగ్, ఎంత రుద్దినా సిరా వదలని బొటనవేలు చప్పరిస్తూ బోసినవ్వు నవ్వింది.